అర్జెంట్ ఫోన్, ఖాళీ ట్రాలీ: హైవే మీద విడిభాగాల సరఫరాలో డీజిల్ లెక్క, కార్బన్ లెక్క

పరిటాల చుట్టుపక్కల క్రషర్లలో ఒకదానికి మధ్యాహ్నం పూట కన్వేయర్ బేరింగ్ పట్టేసిందనుకోండి. మేనేజర్ వెంటనే విజయవాడ ఆటోనగర్ షాపుకు ఫోన్ కొడతాడు. "భాయ్, అర్జెంట్. ఇప్పుడే పంపించు." నాలుగు కిలోల బేరింగ్ కోసం ముప్పాతిక టన్ను మోసే టాటా ఏస్ బయల్దేరుతుంది. సామాను ఇచ్చేసి ఖాళీగా తిరిగొస్తుంది. అది షాపు చేరకముందే నందిగామ జిన్నింగ్ మిల్లు నుంచి ఇంకో ఫోన్. బండి మళ్లీ అదే రోడ్డెక్కి, అదే పరిటాల దాటుకుంటూ పోతుంది.

ఇందులో ఎవరిదీ తప్పని అనలేం. మిషన్ ఆగితే క్రషర్ ఓనరుకు గంటగంటకూ నష్టం. షాపు వాళ్లు పంపకపోతే పక్క షాపు పంపిస్తుంది. కానీ రెండు ట్రిప్పుల్లో కాలిన డీజిల్‌లో మూడో వంతు దాకా కాల్చకుండానే ఆ పని జరిగేది. తక్కువ కార్బన్ రూట్ ప్లానింగ్ అని ఈమధ్య పెద్ద కంపెనీలు వాడుతున్న మాట వెనక ఉన్నది ఈ సంగతే. ఫ్యాక్టరీలకు కావాల్సిన భాగాలను ఎన్ని బళ్లలో, ఏ వరుసలో, ఏ రోజున పంపితే తక్కువ ఇంధనంతో పని అయిపోతుందో ముందే లెక్క కట్టుకోవడం.

ఒకే దారి మీద ఊళ్లన్నీ

కంచికచర్ల, నందిగామ, జగ్గయ్యపేట మూడూ ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగేదాకా ఇవి కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతం. ఈ మూడు ఊళ్లకూ జాతీయ రహదారి 65 వెన్నెముక లాంటిది. పూణే నుంచి హైదరాబాద్ మీదుగా మచిలీపట్నం పోయే ఈ రోడ్డును పాతకాలం వాళ్లు ఇప్పటికీ 9వ నంబరు హైవే అనే అంటారు.

విడిభాగాలు కావాల్సిన వాళ్లు ఈ దారి పొడుగునా ఉన్నారు. పరిటాల దగ్గర రాళ్ల క్వారీలు, క్రషర్లు. వాటికి జా ప్లేట్లు, జాలీలు, కన్వేయర్ బెల్టులు, హైడ్రాలిక్ హోస్ పైపులు కావాలి. కంచికచర్ల, నందిగామ వైపు పత్తి మిల్లులు, మిర్చి కోల్డ్ స్టోరేజీలు. జగ్గయ్యపేట వైపు సిమెంటు: జయంతిపురంలో రామ్‌కో, ముక్త్యాలలో కేసీపీ. వీటన్నిటికీ చిన్నా చితకా సామాను చాలావరకు వచ్చేది విజయవాడ నుంచే. లారీ బాడీ బిల్డింగ్‌కు పేరుపడ్డ జవహర్ ఆటోనగర్‌లో లేత్ షాపులు, వెల్డింగ్ షాపులు, బేరింగ్ దుకాణాలు వరసగా ఉంటాయి. అక్కడ మిస్త్రీలు, మెకానిక్‌లు, ట్రాలీ నడిపే వాళ్లలో మన కుటుంబాల వాళ్లు బోలెడు మంది. అందుకే ఈ లెక్క కంపెనీల గొడవ మాత్రమే అనుకుని వదిలేయడానికి లేదు.

ఆటోనగర్ నుంచి కంచికచర్ల సుమారు 40 కిలోమీటర్లు, నందిగామ 55, జగ్గయ్యపేట 85 అనుకుందాం. మూడు చోట్లకూ విడివిడిగా వెళ్లొస్తే మొత్తం 360 కిలోమీటర్లు. ఒకే బండి మూడింటికీ ఇచ్చుకుంటూ పోయి తిరిగొస్తే 170. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే బండికి మొదటి పద్ధతిలో 24 లీటర్లు పడుతుంది, రెండో పద్ధతిలో పదకొండున్నర లోపే. లీటరు డీజిల్ కాలితే సుమారు 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అంటే 64 కిలోలు కావాల్సింది 30 కిలోలతో తెమిలిపోతుంది. కొత్త బండి కొనలేదు, కంప్యూటర్ పెట్టలేదు. మూడు ఆర్డర్లను ఒక రోజుకు జరిపారు, అంతే.

ఈ లెక్కకు అరవై ఏళ్ల పైబడి చరిత్ర ఉంది. పెట్రోలు టెర్మినల్ నుంచి బంకులకు ట్యాంకర్లను ఎలా పంపాలనే ప్రశ్న మీద 1959లో అమెరికాలో డాంట్జిగ్, రామ్సర్ అనే ఇద్దరు ఒక పత్రం రాశారు. 1964లో ఇంగ్లండ్‌లో క్లార్క్, రైట్ దాన్ని చేత్తో కూడా చేసుకోగలిగేంత సులువు చేశారు. వాళ్ల పద్ధతి ఇది: గోడౌన్ నుంచి మొదటి షాపు దూరం, రెండో షాపు దూరం కలపండి. అందులోంచి ఆ రెండు షాపుల మధ్య దూరం తీసేయండి. మిగిలిందే ఆ ఇద్దరినీ ఒకే బండిలో కలిపితే వచ్చే ఆదా. ఎక్కువ ఆదా వచ్చే జతను ముందు కలపాలి, ఆ తర్వాతి జతను ఆ తర్వాత. కంచికచర్ల, నందిగామ జతకు 40, 55 కలిపి 15 తీసేస్తే 80 కిలోమీటర్లు. నందిగామ, జగ్గయ్యపేట జతకు 85, 55 కలిపి 30 తీసేస్తే 110. అందరూ ఒకే దారి మీద ఉన్నప్పుడు ఇంకా తేలిక: దగ్గరున్న వాడి దూరానికి రెట్టింపే ఆదా.

వత్సవాయి, వీరులపాడు, చందర్లపాడు లాంటి పక్క మండలాలకు వెళ్లాల్సి వస్తే ఇంత తేలిగ్గా తేలదు. హైవే దిగి లోపలికి పోయి మళ్లీ వెనక్కి రావాలి. ఆ కొమ్మదారి ఆర్డర్లను వారానికి ఒకటి రెండు రోజులకే కట్టేసుకోవడం మేలు.

బరువు ముందు దించాలి

కిలోమీటర్లు తగ్గిస్తే సగం పనే. అదే దారిలో పోతున్నా బరువుగా ఉన్న బండి ఎక్కువ తాగుతుంది. ఈ సంగతిని రూట్ లెక్కలోకి తెచ్చిన వాళ్లు బెక్టాష్, లాపోర్ట్. 2011లో వాళ్లు దీనికి పెట్టిన పేరు కాలుష్య రూటింగ్ సమస్య. దూరంతో పాటు బరువు, వేగం కూడా లెక్క కట్టాలన్నది దాని సారం.

800 కిలోల మాంగనీస్ స్టీలు జా ప్లేట్లు 40 కిలోమీటర్ల దూరంలో ఒక క్రషర్‌కు ఇవ్వాలి. ఆ లోడుకు తగిన బండే కట్టారు. వెళ్లేటప్పుడే దించితే 0.8 టన్ను 40 కిలోమీటర్లు పోయినట్టు, అంటే 32 టన్ను కిలోమీటర్లు. "వచ్చేటప్పుడు దించుదాంలే" అని జగ్గయ్యపేట దాకా మోసుకుపోయి వెనక్కి తెస్తే 130 కిలోమీటర్లు మోసినట్టు. అది 104. మూడింతల పైన. బరువు సామాను పోతూ దించాలి, తేలిక పార్సిళ్లు వస్తూ ఇచ్చినా నష్టం లేదు.

తీసుకురావడంలో ఇది తిరగబడుతుంది. అరిగిపోయిన జా ప్లేట్లు ఇనుప తుక్కుగానో, కొత్త పోత కోసమో వెనక్కి రావాలి. పాడైన గేర్ బాక్సులు, షాఫ్టులు ఆటోనగర్‌కు రిపేరుకు రావాలి. ఇవి తిరుగు ప్రయాణంలోనే ఎక్కించుకోవాలి, అదీ చివర్లో. అసలు విడిభాగాల వ్యాపారంలో తిరుగు లోడుకు కొదవ ఉండదు. కొత్తది వెళ్లిన ప్రతి చోటా పాతది ఒకటి పడుంటుంది. అయినా ఎక్కువ బళ్లు ఖాళీగానే వస్తున్నాయంటే సామాను లేక కాదు. కొత్త సామాను పంపేది ఒకరు, తుక్కు కొనేది ఒకరు, రిపేరు చేసేది ఇంకొకరు. ముగ్గురికీ మూడు బళ్లు.

దీనికి జీఎస్టీ కూడా అడ్డం కాదు. రిపేరుకో జాబ్ వర్క్‌కో వచ్చే సామానుకు అమ్మకం బిల్లు అక్కర్లేదు, డెలివరీ చలాన్ చాలు. ఒక్కో లోడు విలువ 50 వేలు దాటితే దానికి ఈ-వే బిల్లు కావాలి. ఒకే బండిలో నలుగురి సామాను వెళ్తుంటే నాలుగు ఈ-వే బిల్లులనూ కలిపి ఒకే కన్సాలిడేటెడ్ బిల్లుగా తీసుకునే వీలు పోర్టల్‌లోనే ఉంది. "కలిపి పంపితే చెకింగ్‌లో తలనొప్పి" అని చాలామంది భయపడేది ఈ సంగతి తెలియకే.

డివైడర్, టోల్, జుమా

నాలుగు లైన్ల హైవే మీద మ్యాప్‌లో కనిపించే దూరం వేరు, బండి తిరిగే దూరం వేరు. మధ్యలో డివైడర్ ఉంటుంది. విజయవాడ నుంచి వెళ్తూ కుడి వైపున్న మిల్లులోకి పోవాలంటే ముందుకెళ్లి యూటర్న్ కొట్టాలి. ఆ ఓపిక లేక రాంగ్ రూట్‌లో వచ్చే వాళ్లను రోజూ చూస్తూనే ఉన్నాం. ఆ పొరపాటుకు కార్బన్ లెక్క చెప్పడం కూడా అనవసరం, ప్రాణాలే పోతున్నాయి. వెళ్లేటప్పుడు ఎడమ పక్క వాళ్లకు, వచ్చేటప్పుడు రెండో పక్క వాళ్లకు ఇచ్చేలా వరుస పెట్టుకుంటే యూటర్న్‌లు సగానికి సగం తగ్గుతాయి. అమెరికాలో యూపీఎస్ కొరియర్ కంపెనీ ఎదురు ట్రాఫిక్‌ను దాటాల్సిన మలుపులను వీలైనంత తప్పించేలా రూట్లు వేస్తుంది. అక్కడ అది ఎడమ మలుపు, మనకు కుడి మలుపు. బరువు సామాను కుడి పక్క క్రషర్‌కు ఇవ్వాల్సి వస్తే మాత్రం ఆలోచించాలి. ఒక యూటర్న్‌కు పడే రెండు మూడు కిలోమీటర్ల కన్నా ఆ బరువును జగ్గయ్యపేట దాకా తిప్పడమే ఎక్కువ ఖర్చు.

టోల్ విషయంలోనూ ట్రిప్పులు కలపడమే లాభం. జాతీయ రహదారుల మీద 24 గంటల్లో తిరిగొచ్చే బండికి రానుపోను కలిపి ఒకటిన్నర రెట్లే తీసుకుంటారు. కీసర గేటు దాటి నందిగామకు రెండుసార్లు వెళ్తే ఆ ఖర్చూ రెండింతలవుతుంది. టోల్ తప్పించుకుందామని పల్లెదారులు పట్టే వాళ్లున్నారు. స్పీడ్ బ్రేకర్లు, గేదెలు, సెకండ్ గేరు అన్నీ కలిపి లెక్కేసుకుంటే మిగిలేది కొంచెమే.

ఇక టైం. ప్రతి చోటా సామాను దించుకునే వేళలు ఉంటాయి. పెద్ద ఫ్యాక్టరీలో స్టోర్స్ గేటు సాయంత్రం మూసేస్తే బండి రాత్రంతా బయటే. పగటిపూట విజయవాడ ఊళ్లోకి పెద్ద బళ్లకు ఆంక్షలుంటాయి. శుక్రవారం ఆటోనగర్‌లో చాలా షాపులు జుమా నమాజుకు మధ్యాహ్నం మూసి ఉంటాయి. రంజాన్‌లో ఇఫ్తార్ వేళకు డ్రైవరు రోడ్డు మీద ఉండకుండా చూడాలి. ఇవేవీ కొత్త విషయాలు కావు, అందరికీ తెలిసినవే. కానీ రూట్ వేసేటప్పుడు ఎవరూ కాగితం మీద పెట్టరు. బండి శుక్రవారం ఒంటిగంటకు మూసిన షట్టర్ ముందు నిలబడ్డాక గుర్తొస్తుంది.

పాల వ్యాన్ నేర్పేది

కార్ల ఫ్యాక్టరీలు వాడే ఒక పద్ధతికి మిల్క్ రన్ అని పేరు. జపాన్‌లో టయోటా దీన్ని బాగా అలవాటు చేసింది. ఒక్కో సప్లయర్ తన బండిలో సామాను తెచ్చే బదులు ఫ్యాక్టరీ బండే నియమంగా ఒక చుట్టు తిరిగి అందరి దగ్గరా కొంచెం కొంచెం ఎక్కించుకుంటుంది. ఖాళీ ట్రేలు ఇచ్చి నిండు ట్రేలు తెచ్చుకుంటుంది. పేరులోనే ఉన్నట్టు ఇది పాల బండి నుంచి వచ్చిన ఆలోచన. మన పల్లెల్లో పాల కేంద్రం వ్యాన్ పొద్దున్నే చేసేది అదే: అదే టైముకు, అదే దారిలో, నిండు క్యాన్ ఎక్కించి ఖాళీ క్యాన్ దించి. పాల వ్యాన్‌కు ఎవరూ "అర్జెంట్" అని ఫోన్ చేయరు. వ్యాన్ ఎప్పుడొస్తుందో ఊరందరికీ తెలుసు కాబట్టి పాలే దాని టైముకు సిద్ధంగా ఉంటాయి.

విడిభాగాలకూ ఇది పనికొస్తుంది, కానీ సగమే. బెల్టులు, జాలీలు, నట్లు బోల్టులు, గ్రీజు, ఫిల్టర్లు ఎప్పుడు అయిపోతాయో ముందే తెలుస్తుంది. వీటిని సోమవారం, గురువారం అని రోజు పెట్టి పంపొచ్చు. హఠాత్తుగా పోయే బేరింగ్‌కు, పగిలే హోస్ పైపుకు వారం రోజులు చూసి రావు. అక్కడ రూట్ ప్లాన్ చేతులెత్తేస్తుంది. దాని మందు స్టాకు. ఏ మిషన్‌లో ఏ నంబరు బేరింగ్ తరచూ పోతుందో షాపు పాత బిల్లులు తిరగేస్తే బయటపడుతుంది. అలాంటివి పది రకాలు కంచికచర్లలోనే చిన్న గదిలో పెట్టుకుంటే పరిటాల క్రషర్‌కు 10 కిలోమీటర్ల లోపు నుంచి వెళ్తాయి, బైకు మీదే. ఆ గదిని జీఎస్టీ రిజిస్ట్రేషన్‌లో అదనపు వ్యాపార స్థలంగా చూపించాలన్నది మర్చిపోకూడదు.

మరీ చిన్న పార్సిల్ అయితే ఆర్టీసీ కార్గో ఉంది. బస్సు ఎలాగూ జగ్గయ్యపేట వెళ్తుంది. అందులో నాలుగు కిలోల బేరింగ్ ఎక్కితే అదనంగా కాలే డీజిల్ లెక్కలోకి కూడా రాదు. ఈ మొత్తం వ్యాసంలో అన్నిటికన్నా తక్కువ కార్బన్ దారి బహుశా ఇదే.

కరెంటు బండి కొంటే సరిపోదా

సరిపోదు. ఎందుకో అంకెలే చెబుతాయి. చిన్న ఎలక్ట్రిక్ గూడ్స్ బండి లోడుతో కిలోమీటరుకు 0.2 యూనిట్ కరెంటు తీసుకుంటుందనుకుందాం. మన దేశంలో ఒక యూనిట్ కరెంటు తయారీకి సగటున 0.7 కిలో కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అంటే కిలోమీటరుకు 0.14 కిలో. డీజిల్ బండికి అది 0.18. తేడా ఉంది, కానీ పొగ రాదు కాబట్టి సున్నా అనుకునేంత లేదు. ఇదే హైవే మీద ఇబ్రహీంపట్నం దగ్గర థర్మల్ కేంద్రం పొగ గొట్టాలు కనిపిస్తూనే ఉంటాయి. పొగ బండి నుంచి అక్కడికి మారుతుంది.

పైన చెప్పిన మూడు ఊళ్లకు ఎలక్ట్రిక్ బండితో విడివిడిగా 360 కిలోమీటర్లు తిరిగితే 50 కిలోలు. పాత డీజిల్ బండితోనే కలిపి 170 కిలోమీటర్లు పోతే 30 కిలోలు. ముందు ట్రిప్పులు కలపాలి, ఆ తర్వాత బండి మార్చాలి. సోలార్ పెరిగేకొద్దీ కరెంటు లెక్క ఇంకా బాగుపడుతుంది, అది వేరే సంగతి. ఈ బళ్లు బాగా పనికొచ్చేది కంచికచర్ల నుంచి పరిటాల, వీరులపాడు లాంటి పొట్టి చుట్లకు. రాత్రికి ఇంటికొచ్చి ఛార్జింగ్ పెట్టుకోవచ్చు, దారిలో ఆగుతుందన్న భయం ఉండదు.

ఒకే దారి ఉన్నందుకు

అందరూ ఒకే రోడ్డు మీద ఉండటం ఆదాకు మంచిది, వరదకు చెడ్డది. 2023 జూలై చివర్లో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైవే మీదికి నీళ్లొచ్చాయి. హైదరాబాద్, విజయవాడ మధ్య రాకపోకలు ఆగిపోయి బళ్లను గుంటూరు, మిర్యాలగూడ మీదుగా తిప్పి పంపారు. 2024 సెప్టెంబరు మొదట్లో మళ్లీ వరద. ఈసారి జగ్గయ్యపేట అవతల పాలేరు వైపు దెబ్బ తగిలింది. ఐతవరం తెగితే కంచికచర్ల ఇవతల, నందిగామ అవతల. అలాంటప్పుడు చుట్టు తిరిగి వెళ్లే ఒక్క ట్రిప్పు నెలంతా చేసిన ఆదాను తినేస్తుంది. జూలై రాకముందే నందిగామ, జగ్గయ్యపేట వైపు ముఖ్యమైన స్పేర్లు చేర్చిపెట్టుకోవడం కూడా రూట్ ప్లానింగ్‌లో భాగమే.

అడిగేది ఎవరు, భరించేది ఎవరు

మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలు పర్యావరణ, సామాజిక వివరాలతో బీఆర్ఎస్ఆర్ నివేదిక ఇవ్వాలని సెబీ 2022-23 నుంచి తప్పనిసరి చేసింది. తమకు సామాను తెచ్చే బళ్ల పొగ కూడా స్కోప్ 3 అనే పద్దులో పడుతుంది. అది చెప్పడం కంపెనీ ఇష్టమే అయినా, చెప్పదలుచుకున్న కంపెనీ సప్లయర్లను అడగాల్సిందే. రవాణా కార్బన్‌ను లెక్కించే తీరుకు 2023లో ఐఎస్ఓ 14083 ప్రమాణం వచ్చింది. చిన్న షాపుకు అంత అక్కర్లేదు. తేదీ, ఎన్ని చోట్ల దించారు, ఎంత బరువు, మీటరు రీడింగు, పోసిన డీజిల్, తిరుగు లోడు ఉందా లేదా... ఈ ఆరు గడులున్న నోటు పుస్తకం ఆరు నెలలు రాస్తే చాలు, ఎవరడిగినా జవాబు ఉంటుంది.

ఆ పుస్తకంలో కనపడనిది డ్రైవరు జీతం. ఈ దారిలో సొంత ట్రాలీ నడుపుకునే వాళ్లకు ట్రిప్పుకింత అని కిరాయి. ఫైనాన్స్ కంపెనీ కిస్తీ నెల నెలా కట్టాలి. మూడు ట్రిప్పులు ఒకటైతే షాపుకు డీజిల్ మిగిలింది, సిమెంటు కంపెనీకి నివేదికలో అంకె తగ్గింది, ట్రాలీ వాడికి మాత్రం రెండు కిరాయిలు పోయాయి. అలాంటప్పుడు అతను కొత్త పద్ధతికి సహకరించకపోతే ఆశ్చర్యం ఏముంది?

పై లెక్కలో మిగిలింది దాదాపు పన్నెండున్నర లీటర్లు. లీటరు 97 రూపాయలనుకుంటే 1,200 రూపాయల పైమాటే. కిరాయిని ట్రిప్పుకు కాకుండా దించిన ఒక్కో చోటుకు ఇంత, తిరుగు లోడుకు ఇంత అని మార్చి ఆ 1,200లోంచే ఇస్తే షాపు చేతి నుంచి రూపాయి పోదు. డ్రైవరుకు సగం దూరంలోనే కిరాయి గిడుతుంది, టైర్లు, ఇంజన్ ఆయిలు మిగులుతాయి, చీకటి పడేలోపు ఇల్లు చేరతాడు. ఈ మాట బండి ఎక్కకముందే తేల్చుకోవాలి. నెల తిరిగాక లెక్కలు చూసి ఇద్దాం అంటే, మళ్లీ మొదటి అర్జెంట్ ఫోన్‌కే ఖాళీ ట్రాలీ రోడ్డెక్కుతుంది.